టర్బో పోయిందంటున్నారు: కోర్ మార్చాలా, పూర్తిది వేయాలా, అసలెందుకు పోయింది?

జయపురం_డీజిల్ (ప్రశ్న):

బండి 1.3 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 2014 మోడల్, 75 గుర్రాల ఇంజన్. మీటరు 1,38,000 దగ్గరుంది. సెకండ్ హ్యాండ్ బండి, సర్వీసు పుస్తకంలో 90 వేల తర్వాత ముద్రల్లేవు. తిరుగుడంతా జయపురం, కొరాపుట్, సుంకి ఘాట్ మీదుగా సాలూరు, విజయనగరం.

ఘాట్ ఎక్కుతుంటే 2,000 ఆర్‌పీఎం దాటాక రావలసిన ఊపు రావడం లేదు. రేసు పెంచేకొద్దీ సైరన్ లాంటి సన్నటి కూత పెరుగుతోంది. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేసు ఇస్తే వెనక నీలం పొగ. వెయ్యి కిలోమీటర్లకు ముప్పావు లీటరు ఇంజనాయిలు తగ్గుతోంది, నేల మీద మాత్రం చుక్క కారడం లేదు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్ళే హోస్ విప్పితే లోపల ఆయిలు కనబడింది. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు.

ఒక మెకానిక్ పూర్తి కొత్త టర్బో వేయాలంటున్నారు. ఇంకొకరు విప్పి విశాఖ ఆటోనగర్‌కు పంపి కోర్ (టర్బో మధ్య భాగం) మార్పిస్తే చాలంటున్నారు. ఖర్చులో చాలా తేడా ఉంది. టర్బోయే పోయిందని ఖాయంగా తేల్చుకోవడం ఎలా? కోర్ సరిపోతుందా? కొత్తది వేసినా కొన్ని నెలల్లో మళ్ళీ పోతుందని కొందరంటున్నారు, ఎందుకలా? పార్టు వచ్చేదాకా బండి నడపొచ్చా?


పర్లాకిమిడి_పానా:

చివరి ప్రశ్నకు ముందు జవాబు: నడపకండి. ఘాట్‌లో అసలే వద్దు.

డీజిల్ ఇంజన్‌కు ఇంజనాయిలు కూడా ఇంధనమే. టర్బో సీలు పూర్తిగా వదిలేస్తే ఆ ఆయిలు ఇంటర్‌కూలర్‌లోంచి సిలిండర్లలోకి పోయి మండుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఆర్‌పీఎం దానంతటదే పెరిగిపోతుంది, తాళం తిప్పేసినా ఇంజన్ ఆగదు. తాళం డీజిల్‌ను మాత్రమే ఆపుతుంది, ఆయిలును కాదు. ఆపే దారులు రెండే. క్లచ్ తొక్కి టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా అదిమి, క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజన్ కొట్టుకుని ఆగిపోతుంది. లేదంటే గాలి పీల్చే దారి మూసేయాలి: చెక్క పలక అడ్డం పెట్టడమో, మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అందులోకి వదలడమో. చెయ్యి గానీ గుడ్డ గానీ పెట్టొద్దు, లోపలికి లాగేస్తుంది. ఇంజన్ పేలిపోతుందనిపిస్తే బండి దిగి దూరంగా వెళ్ళిపోండి. గ్యారేజీకి కూడా లాగించుకునే తీసుకెళ్ళండి.

ఇక టర్బోయేనా కాదా అన్నది. బండి పూర్తిగా చల్లారాక ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే పైపు విప్పండి. కంప్రెసర్ ఫ్యాను కనిపిస్తుంది. ఫ్యాను మధ్యనున్న నట్టును రెండు వేళ్ళతో పట్టుకుని మూడు చూడండి.

ముందు వెనకలకు లాగి తోసినప్పుడు ఆట చేతికి తెలియకూడదు. కొలిస్తే మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉండాలి. చేతికి టకటకమని తెలిసిందంటే థ్రస్ట్ బేరింగ్ (ఫ్యాను ఇరుసు, అంటే షాఫ్ట్, ముందు వెనకలకు జరగకుండా ఆపేది) అరిగిపోయినట్టే.

పక్కలకు ఊపితే కొంచెం ఆట ఉంటుంది, అది సహజం. ఇవి బాల్ బేరింగులు కావు, ఆయిలు పొర మీద తేలే బేరింగులు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ పొర ఉండదు కాబట్టి కొంచెం ఊగుతుంది. చాలామంది మెకానిక్‌లు ఈ ఊగడం చూసే మంచి టర్బోను పోయిందనేస్తారు. చూడవలసింది వేరే: పక్కకు నొక్కి పెట్టి తిప్పినప్పుడు ఫ్యాను రెక్క కొస గోడకు తగులుతోందా, గోడ మీద మెరిసే గీత పడిందా.

మూడోది, రెక్కల అంచులు. అంచు చితికి పళ్ళు పళ్ళుగా ఉంటే లోపలికేదో గట్టి ముక్క వెళ్ళింది. అంచులు పలచబడి, ఇసుకతో రుద్దినట్టుంటే దుమ్ము వెళ్ళింది, అంటే ఫిల్టర్ గానీ దాని బాక్సు మూత గానీ సరిగ్గా కూర్చోలేదు.

ఆయిలు కనబడిందన్నారు కదా, ఎంత అన్నది ముఖ్యం. పలచటి తడి పొర ఈ ఇంజన్లన్నిటిలో ఉంటుంది, బ్రీథర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) ఆవిరి అటే పోతుంది కాబట్టి. హోస్ వంచితే ధారగా కారితే అది వేరే సంగతి. ఇంకొకటి, టర్బోకు ముందున్న పైపు, అంటే ఫిల్టర్ వైపుది, పొడిగా ఉందా? అది కూడా ఆయిలుతో నిండి ఉంటే తప్పు బ్రీథర్‌దో, పిస్టన్ రింగులదో కావచ్చు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిలు పోసే మూత వదులు చేసి దాని మీదే ఆనించి ఉంచండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పున వస్తుంటే సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిలు ఉండే తొట్టిలో) ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు. ఆ ఒత్తిడి ఉంటే టర్బో నుంచి ఆయిలు తిరిగి కిందికి దిగలేదు, కొత్త టర్బో కూడా ఆయిలు కక్కుతుంది. అయితే సీలు వదిలేసిన టర్బోతో ఎక్కువసేపు నడిపి ఈ పరీక్ష చేయకండి, ఐడిల్‌లో కొద్ది నిమిషాలు, అది కూడా ఇంటర్‌కూలర్ హోస్‌లో ఉన్న ఆయిలు వంపేశాకే.

పొగ రంగు సంగతి కూడా. నీలం అయితే ఆయిలు. నల్లపొగ, ఊపు లేకపోవడం రెండే ఉండి ఆయిలు తగ్గకపోతే టర్బోను ముట్టుకోకముందు హోస్ చీలిందేమో, క్లిప్పు జారిందేమో, ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఉండిపోయిందేమో చూసుకోవాలి. హోస్ చీలితే చీలిన చోట బయట దుమ్ము తడిగా అంటుకుని ఉంటుంది. మీ లక్షణాలు మాత్రం టర్బో వైపే చూపిస్తున్నాయి.


జయపురం_డీజిల్:

చాలా థాంక్స్ అన్నా. బండి కదపలేదు, మెకానిక్ ఇంటికే వచ్చి పైపు విప్పారు. ముందు వెనకలకు లాగితే ఆట బాగా తెలుస్తోంది. పక్కకు నొక్కితే రెక్క గోడకు తగులుతోంది, గోడ మీద ఒకవైపు గీత పడింది. రెక్కలు విరగలేదు, అంచులు బాగానే ఉన్నాయి. ఫిల్టర్ వైపు పైపు దాదాపు పొడిగా ఉంది. మూత పరీక్షలో మూత కదల్లేదు, కొద్దిగా ఆవిరి. టర్బో మీదికి వచ్చే ఆయిలు పైపు బాంజో బోల్టు (మధ్యలో ఆయిలు పోయే రంధ్రమున్న బోల్టు) విప్పితే రంధ్రం చుట్టూ నల్లటి గట్టి పెచ్చు.


రాయగడ_మల్టీజెట్:

ఆ నల్ల పెచ్చే మీ ప్రశ్నకు జవాబు.

ఈ 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజన్ అప్పటి స్విఫ్ట్, డిజైర్, పుంటో, ఇండికా విస్టా లాంటి చాలా బండ్లలో ఒకటే. 75 గుర్రాల దానిలో ఉండేది చిన్న ఫిక్స్‌డ్ జామెట్రీ (లోపల కదిలే రెక్కల వలయం లేని) టర్బో. దానికి నీళ్ళ చల్లదనం లేదు, ఉన్నదంతా ఆయిలే. షాఫ్ట్ నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. ఒకవైపు 700 డిగ్రీలు దాటే పొగ, ఇంకోవైపు గాలి, మధ్యలో ఆయిలు పొర. ఆ పొర కొన్ని సెకన్లు తెగినా బేరింగ్ గీసుకుంటుంది. టర్బో తనంతట తాను అరిగి పోవడం తక్కువ. ఎక్కువ సార్లు దాన్ని ఇంకేదో చంపుతుంది. ఆ కారణం తీయకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారిన పోతుంది. మీకు చెప్పినవాళ్ళు నిజమే చెప్పారు.

ఆయిలు సకాలంలో మార్చకపోతే, లేదా ఘాట్ ఎక్కి వెంటనే ఇంజన్ ఆపేస్తే, పైపులోనూ బేరింగు గదిలోనూ నిలిచిన ఆయిలు ఆ వేడికి కాలి బొగ్గు పెచ్చు కడుతుంది. రంధ్రం సన్నబడుతుంది, ఐడిల్‌లో సరిపోయే ఆయిలు ఘాట్‌లో సరిపోదు. సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ చేరేసరికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టం కన్నా పదో వంతు తక్కువ. అదే ఊపు ఇవ్వడానికి టర్బో ఇంకాస్త వేగంగా తిరగాలి. ఆయిలు తక్కువ, వేగం ఎక్కువ, దాంతో థ్రస్ట్ బేరింగ్ ముందు పోతుంది. మీరు చెప్పిన ముందు వెనకల ఆట అదే.

కాబట్టి టర్బో సంగతి తర్వాత, ముందు ఆయిలు దారి మొత్తం. నా లెక్కలో చేయాల్సిన పని ఇది.

ఆయిలు ఫీడ్ పైపు కొత్తది వేయండి. కడిగి వాడొద్దు. లోపల అంటుకున్న పెచ్చు మీద పెట్రోలు, కంప్రెసర్ గాలి కొడితే సగమే వదులుతుంది. మిగిలిన సగం బండి వేడెక్కి కదిలాక విడిపోయి నేరుగా కొత్త బేరింగులోకి పోతుంది. బాంజో బోల్టులో సన్నటి జాలీ ఉండే రకమైతే ఆ బోల్టు కూడా కొత్తదే. రాగి వాషర్లు పాతవి మళ్ళీ వేయకూడదు.

రిటర్న్ పైపు విప్పి ఒకవైపు టార్చి పెట్టి రెండో వైపు నుంచి చూడండి, వెలుగు నిండుగా రావాలి. ఇది ఒత్తిడితో పోయే లైను కాదు, ఆయిలు తన బరువుకు తాను దిగాలి. కొంచెం నలిగినా, లోపల బురద కట్టినా, టర్బోలో ఆయిలు నిలిచి సీళ్ళ గుండా రెండు వైపులా పొంగుతుంది. సీళ్ళంటున్నాం గానీ అవి రబ్బరు సీళ్ళు కావు, పిస్టన్ రింగుల లాంటి లోహపు రింగులు. ఆయిలు నిలిస్తే ఆపలేవు. టర్బో మంచిదే అయినా పొగ రావడానికి ఎక్కువ సార్లు కారణం ఈ పైపే.

ఆయిలు వేడిగా ఉన్నప్పుడు దింపి, ఫిల్టర్ లోపలి కాగితం విప్పి వెలుగులో చూడండి. బంగారు రంగు, వెండి రంగు మెరుపులు ఉంటే లోహం ఆయిల్లో తిరిగింది. సంప్ దింపి స్ట్రెయినర్ (ఆయిలు పంపు పీల్చే చోటి జాలీ) చూడక తప్పదు. అసలు మీ బండికి మెరుపులు లేకపోయినా సంప్ దింపమనే అంటాను. 90 వేల తర్వాత లెక్క తెలియని ఆయిలు, పైన పెచ్చు కట్టిందంటే కింద బురద ఉండే ఉంటుంది. సంప్ తిరిగి బిగించేటప్పుడు లిక్విడ్ గ్యాస్కెట్ సన్నటి గీతలా చాలు. లావుగా పూస్తే లోపలికి పిండుకుని, ముక్కలై, స్ట్రెయినర్‌కే అడ్డం పడుతుంది. టర్బో ఆయిలు ఫ్లాంజుల మీద మాత్రం లిక్విడ్ గ్యాస్కెట్ అసలు వద్దు, కొత్త గ్యాస్కెట్ పొడిగా వేయాలి.

సంప్ ఎలాగూ దిగింది కాబట్టి టైమింగ్ చైన్ మీద కూడా ఒక కన్నేయమనండి. దాని టెన్షనర్ ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది. పొద్దున్న మొదటి స్టార్టులో చైను వైపు కాసేపు గరగరమంటే అదీ సాగుతున్నట్టే.

ఫ్లషింగ్ ఆయిలు పోసి నడిపి దింపమని ఎవరైనా అంటే, ఈ బండికి నేను వద్దంటాను. ఏళ్ళుగా అంటుకున్న బురద ఒక్కసారి వదిలితే స్ట్రెయినర్ మూసుకుంటుంది. సంప్ చేత్తో శుభ్రం చేసి, మంచి ఆయిలు పోసి, దాన్ని వెయ్యి కిలోమీటర్లకే మార్చేయడం మేలు.


బరంపురం_టర్బోబెంచ్:

కోరా, పూర్తిదా అన్న దానికి నేను చెబుతాను.

కోర్ అంటే మధ్య భాగం: షాఫ్ట్, రెండు ఫ్యాన్లు, బేరింగులు, వాటి గది. దీన్ని బ్యాలెన్స్ చేసి అమ్ముతారు. మీ పాత కంప్రెసర్ గది (గాలి వైపుది), టర్బైన్ గది (పొగ వైపుది), వేస్ట్‌గేట్ (ఒత్తిడి ఎక్కువైతే పొగను పక్కకు వదిలే తలుపు) దాని మీద బిగిస్తారు. అంటే కోర్ మార్పించడం మంచిదా కాదా అన్నది మీ పాత గదుల మీద ఆధారపడుతుంది.

మీది గోడకు తగిలింది కాబట్టి ఆ గీత గోరుకు తగులుతోందో లేదో చూడాలి. రంగు మారిన గీతే అయితే ఫర్వాలేదు. గోరు ఆగితే ఆ గదిలో రెక్కకూ గోడకూ మధ్య సందు పెరిగినట్టు, కొత్త కోర్ వేసినా ఊపు తక్కువే ఉంటుంది. టర్బైన్ గదిలో వేస్ట్‌గేట్ కూర్చునే చోట పగుళ్ళు చూడండి. వెంట్రుకంత పగుళ్ళు రెండు గదుల మధ్య గోడలో సాధారణం, అవి బయటి గోడ దాకా పాకితే ఆ గది పనికిరాదు. వేస్ట్‌గేట్ తలుపు ఇరుసు దగ్గర వదులై ఊగుతుంటే కూడా అంతే.

గదులు బాగుంటే మంచి చోట కోర్ మార్పించడంలో తప్పేమీ లేదు. కానీ మూడు అడగండి. కోర్‌ను వేగంలో తిప్పి బ్యాలెన్స్ చేసిన కాగితం ఇస్తారా? షాఫ్ట్‌ను విడిగా నిదానంగా తిప్పి చూసిన బ్యాలెన్స్ ఇంత చిన్న టర్బోకు సరిపోదు, బిగించాక మొత్తం కోర్‌ను మెషీను మీద తిప్పాలి. పాత కోర్‌లోనే బేరింగు కిట్ వేసి ఇస్తారా, కొత్త కోర్ వేస్తారా? కిట్ వేసి ఇచ్చేది చవక, కానీ షాఫ్ట్ అరిగి ఉంటే కొత్త బేరింగు దాని మీద నిలవదు. ఇక వేస్ట్‌గేట్ యాక్చుయేటర్ (ఆ తలుపును కదిలించేది) ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో గేజీ పెట్టి చూస్తారా? కడ్డీ మీద నట్టు తిప్పి పికప్ పెంచి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. కడ్డీ పొట్టి చేస్తే తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, షాఫ్ట్ దాని హద్దు దాటి తిరుగుతుంది. ఎత్తు మీద తిరిగే బండికి అది ఇంకా చేటు.

పాత టర్బో మీద చిన్న రేకు ఉంటుంది. ఈ రకానికి చాలా వాటి మీద 5435తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ నంబరు మొత్తం, చివరి అంకెలతో సహా, ఫోటో తీసి పంపండి. ఒకే ఇంజన్ అయినా బండిని బట్టి గది తిరిగే కోణం, యాక్చుయేటర్ వేరుగా ఉంటాయి. ఇంజన్ పేరు చెప్పి తెప్పించుకుంటే వచ్చాక పైపు కలవదు.

పేరు లేని డబ్బాలో చాలా చవకగా వచ్చే పూర్తి కొత్త టర్బో కంటే, గదులు బాగున్నప్పుడు మంచి కోరే నయం. మీ గోడ మీద గీత గోరుకు తగిలితే మాత్రం కంపెనీ పూర్తి టర్బోకే వెళ్ళండి, మధ్యే మార్గం వెతకొద్దు. బస్సు పార్సిల్‌లో పంపేటప్పుడు రంధ్రాలన్నీ మూతలేసి, ఆయిలు పోయే చిన్న రంధ్రానికి టేపు వేసి పంపండి. పాత టర్బోకే అయినా సరే, గదుల్లోకి ఇసుక పోకూడదు.


లక్ష్మీపూర్_రోడ్డు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మాది ఎర్టిగా, 90 గుర్రాలది. పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుందా?


బరంపురం_టర్బోబెంచ్:

ఆయిలు సంగతంతా వర్తిస్తుంది. కానీ మీ ఇంజన్‌లో ఉన్నది వీజీటీ, లోపల కదిలే రెక్కల వలయం ఉంటుంది. దాని జబ్బు వేరు: నిదానంగా ఊళ్ళోనే తిరిగితే మసి పట్టి రెక్కలు ఇరుక్కుంటాయి. అప్పుడు బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వచ్చి లింప్ మోడ్‌కు (ఇంజన్ బలం తగ్గించుకుని నడిచే స్థితికి) పోతుంది, ఆర్పి మళ్ళీ స్టార్ట్ చేస్తే బాగవుతుంది. షాఫ్ట్‌లో ఆట లేకుండా ఇలా జరుగుతుంటే టర్బో మార్చాల్సిన పని లేదు. విప్పి వలయం శుభ్రం చేయించండి, యాక్చుయేటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టాలు చూపించండి. వీజీటీకి కోర్ మార్చాక వలయం అమరికను బెంచి మీద గాలి కొలిచి సెట్ చేయాలి. ఆ మెషీను లేనిచోట ఇవ్వొద్దు.


పర్లాకిమిడి_పానా:

జయపురం తమ్ముడికి, ఇప్పుడు విప్పి బిగించే పని. మెకానికే చేస్తాడనుకోండి, అయినా పక్కన నిలబడితే ఏం చూడాలో తెలియాలి.

ముందు రోజు సాయంత్రమే మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి వచ్చే భాగం) నట్ల మీద, సైలెన్సర్ పైపు నట్ల మీద తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేయమనండి. పొద్దున్న ఇంకోసారి. ఇన్నేళ్ళ వేడికి ఆ స్టడ్లు (నట్లు ఎక్కే తల లేని బోల్టులు) పట్టేసి ఉంటాయి. బలంతో తిప్పితే నట్టుతో పాటు స్టడ్డు విరుగుతుంది, విరిగిన స్టడ్డును తీయడానికి టర్బో పని కంటే ఎక్కువ సమయం పడుతుంది. నట్టు కదలకపోతే వేడి చేసి తిప్పాలి తప్ప పైపు తగిలించి బలం పెంచకూడదు. కొత్త స్టడ్లు, నట్లు ముందే తెచ్చి పెట్టుకోవడం మంచిది.

బ్యాటరీ మైనస్ తీసి, ఎయిర్ ఫిల్టర్ బాక్సు, పైపులు, హీట్ షీల్డు తీశాక, తెరుచుకున్న ప్రతి రంధ్రంలో రంగు గుడ్డ కుక్కండి. తెల్లగుడ్డ మసిలో కలిసిపోయి మర్చిపోతారు, ఎర్రదో పసుపుదో అయితే కనబడుతుంది. పైనుంచి కొన్ని, కింద నుంచి కొన్ని బోల్టులు విప్పాలి కాబట్టి బండి స్టాండ్ల మీద ఉండాలి. జాకీ ఒక్కదాని మీద ఉంటే కిందికి దూరనివ్వకండి. చోటు ఇరుకైతే మ్యానిఫోల్డ్‌తో కలిపి దించి బెంచి మీద విడదీయడమే సులువు.

టర్బో దిగాక సైలెన్సర్ వైపు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసేది) ముఖం చూడండి. 2014 బండి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉండదు, కానీ ఇన్నాళ్ళు కాలిన ఆయిలు ఈ తేనెపట్టు లాంటి దాని ముఖానికి పేరుకుంటుంది. అది మూసుకుంటే పొగ వెనక్కి తన్ని టర్బైన్ వేడెక్కుతుంది, థ్రస్ట్ బేరింగు మీద బరువు పడుతుంది. ఎక్కువగా మూసుకుపోతే మార్చక తప్పదు.

ఇంటర్‌కూలర్ విప్పే తీరాలి. ఇక్కడ బద్ధకిస్తేనే మొదట చెప్పిన ప్రమాదం వచ్చేది: కొత్త టర్బో వేసి స్టార్ట్ చేస్తే లోపల నిలిచిన పాత ఆయిలును మింగి ఇంజన్ పరుగెత్తుతుంది. ఇంటర్‌కూలర్ నిలబెట్టి ఆయిలు దింపి, డీజిలు పోసి ఊపి, రెండు మూడు సార్లు మార్చి, తర్వాత డిగ్రీజర్, నీళ్ళు. రాత్రంతా నిలువుగా ఆరనివ్వాలి, లోపల డీజిలు చుక్క కూడా మిగలకూడదు. మీ ఫ్యాను రెక్కలు విరగలేదు కాబట్టి ఇది చాలు. విరిగి ఉంటే ఇంటర్‌కూలర్ కూడా కొత్తదే వేయమనేవాణ్ణి, సన్నటి గొట్టాల్లో ఇరుక్కున్న అల్యూమినియం ముక్కలు ఎంత కడిగినా పూర్తిగా రావు. హోస్‌లు లోపల తుడిచి, అంచులు మెత్తబడి ఉబ్బితే మార్చండి, ఆయిలుకు రబ్బరు నాని క్లిప్పు కింద జారుతుంది.

బిగించేటప్పుడు గ్యాస్కెట్లన్నీ కొత్తవి. మ్యానిఫోల్డ్ నట్లు చేత్తో తిప్పి కూర్చోబెట్టాక కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి బిగించాలి. 8 ఎంఎం స్టడ్ల నట్లకు మామూలుగా 25 న్యూటన్ మీటర్ల దరిదాపు. మీ ఇంజన్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే దానిదే మాట.

ఇప్పుడు అసలు ఘట్టం. ఫీడ్ పైపు తగిలించకముందు టర్బో ఆయిలు రంధ్రంలో శుభ్రమైన కొత్త ఆయిలు సిరంజితో పోస్తూ, ఫ్యానును వేలితో నెమ్మదిగా తిప్పండి. రిటర్న్ వైపు చుక్క కనబడేదాకా పోయండి. తర్వాత పైపు తగిలించి, నాలుగు ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి స్టార్టర్ తిప్పండి, పది సెకన్లు, ఆగి మళ్ళీ పది సెకన్లు. ఆయిలు లైటు ఆరేదాకా. ఆగకుండా తిప్పితే స్టార్టర్ మోటార్ కాలుతుంది. ఈ పని చేయకుండా నేరుగా స్టార్ట్ చేస్తే ఆయిలు కింద నుంచి పైకి వచ్చేలోపు టర్బో పొడిగా తిరుగుతుంది. కొత్త టర్బో మొదటి నిమిషంలోనే పాడయ్యేది ఇలాగే. ఊడదీసినందుకు ఫాల్ట్ కోడ్లు పడతాయి, స్కానర్‌తో తుడిచేస్తే సరి.

రిటర్న్ పైపు కింది కొస తాత్కాలికంగా ఒక డబ్బాలోకి పెట్టి, సంప్ రంధ్రం మూసి, కొద్దిసేపు ఐడిల్‌లో నడిపి చూసుకోవచ్చు. ఆయిలు ఆగని ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే వెంటనే ఆపి ఫీడ్ వైపు వెతకండి. డబ్బాలో పడిన ఆయిలును మళ్ళీ పోయకుండా, సంప్‌లో అంత కొత్తది కలపండి.


రాయగడ_మల్టీజెట్:

పానా గారు చెప్పినదానికి ఆయిలు లెక్క కలుపుతాను. ఈ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. మూడు పోసి ఇంజన్ తిప్పాక, కాసేపు ఆగి డిప్‌స్టిక్ చూసి మిగతాది కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటితే అది కూడా తప్పే, సంప్‌లో నురగ లేచి బ్రీథర్ గుండా టర్బోలోకి పోతుంది, మీరేమో కొత్త టర్బో కారుతోందనుకుంటారు. మాన్యువల్ చెప్పిన 5డబ్ల్యూ30 సింథటిక్ వేయండి. లారీ, ట్రాక్టరు ఆయిలు 15డబ్ల్యూ40 అందుబాటులో ఉందని పోయనివ్వకండి. కొరాపుట్ చలికాలం పొద్దున్న అది చిక్కబడి టర్బో దాకా చేరడానికి ఆలస్యమవుతుంది.

మొదటి స్టార్టులో మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లోనే. రేసు ఇవ్వొద్దు, మెకానిక్ ఇస్తానన్నా వద్దనండి. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిలు కాలుతుంది కాబట్టి ఇరవై నిమిషాల దాకా పొగ వస్తుంది, భయపడి మళ్ళీ విప్పించకండి. ఆ తర్వాత కూడా నీలం పొగ వస్తుంటే ముందు రిటర్న్ పైపు, బ్రీథర్. చల్లారాక ఆయిలు మట్టం, బాంజో దగ్గర తడి చూడండి. సుమారు వంద కిలోమీటర్లు తిరిగాక చల్లటి ఇంజన్ మీద హోస్ క్లిప్పులు, మ్యానిఫోల్డ్ నట్లు ఒకసారి చూపించండి.


జయపురం_డీజిల్:

గోరు పెట్టి చూశాం, ఆగుతోంది. పూర్తి టర్బోకే ఆర్డరు పెట్టాను, రేకు నంబరు ఫోటో పంపి. ఫీడ్ పైపు, బాంజో బోల్టు, స్టడ్లు, గ్యాస్కెట్ సెట్టు, ఫిల్టర్లు కూడా. సంప్ దింపమని మెకానిక్‌కు చెప్పాను. ఇక మిగిలింది నడపడం. సాలూరు నుంచి ఎక్కేటప్పుడు టర్బోకు మంచిదని మూడో గేరులోనే నిదానంగా తక్కువ ఆర్‌పీఎంలో లాగేవాణ్ణి, అది సరైనదేనా?


పర్లాకిమిడి_పానా:

కాదు, అది టర్బోకు, ఇంజన్‌కు రెంటికీ బరువే. 1,300 ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే డీజిలు ఎక్కువ పడుతుంది, గాలి తక్కువ వస్తుంది, పొగ వేడి పెరుగుతుంది, ఆయిలు పంపు మాత్రం నిదానంగా తిరుగుతుంది. గేరు దింపి 2,000 నుంచి 2,500 మధ్య ఉంచి సగం యాక్సిలరేటర్‌తో ఎక్కండి. శబ్దం ఎక్కువ అనిపించినా లోపల సుఖంగా ఉంటుంది.

పైకెక్కిన వెంటనే టీ కోసం ఆపితే ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆర్పండి. చివరి రెండు కిలోమీటర్లు చదునుగా నెమ్మదిగా వచ్చుంటే ఆ అవసరం లేదు. పొద్దున్న స్టార్ట్ చేయగానే రేసు వద్దు, అర నిమిషం ఆగి కదలండి, ఇంజన్ వేడెక్కేదాకా 2,000 దాటించకండి.

కొత్త టర్బోతో మొదటి ఆయిలు వెయ్యి కిలోమీటర్లకు, ఫిల్టర్‌తో సహా. ఆ ఫిల్టర్ కాగితం కూడా విప్పి చూడండి. తర్వాత మీ దారికి 7,500కు మించనివ్వకండి. ఎయిర్ ఫిల్టర్ ప్రతి సర్వీసుకూ చూడండి. గనుల వైపు ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగితే మధ్యలో ఇంకోసారి చూడాలి, గాలి కొట్టి దులపకుండా మార్చేయండి. గాలి కొడితే కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడతాయి.